పక్కకు తప్పుకునే చోటు లేనప్పుడు: ఏకమితీయ అతిశీతల వాయువుల్లో ఉత్తేజాలు

ఒక పదార్థం స్వభావాన్ని తెలుసుకోవాలంటే, దాన్ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు చేరువగా తీసుకువెళ్లి, అత్యల్ప శక్తితో కొద్దిగా కదిపి చూడాలి. ఆ కదలికను భౌతికశాస్త్రంలో ఉత్తేజం అంటారు. ఏ ద్రవ్యవేగంతో కదిపితే ఎంత శక్తి ఖర్చవుతుందో తెలిస్తే ఆ పదార్థంలో ధ్వని ఎంత వేగంతో పోతుందో, అది వేడిని ఎలా దాచుకుంటుందో, ఘర్షణ లేకుండా ప్రవహించగలదో లేదో చెప్పవచ్చు. మూడు మితులున్న, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు దిశలు మూడింటిలోనూ కణాలు కదలగల మామూలు పదార్థాల విషయంలో ఈ పనికి లెవ్ లాండావ్ 1956–57లో ఒక చక్కటి ఆలోచనను అందించాడు. కణాల మధ్య వికర్షణ బలంగా ఉన్నా, ఒక కణాన్ని కదిపినప్పుడు అది చుట్టూ ఉన్నవాటిని కొంత నెట్టుకుంటూ, కొంత బరువెక్కినట్టుగా, అయినా తన పోలికలను కోల్పోకుండా ముందుకు సాగుతుందని ఆయన చూపాడు. అలా మారిన కణాన్నే క్వాసీపార్టికల్ అన్నారు. లోహాల గురించి మనకున్న అవగాహనలో అధికభాగం ఈ పునాది మీదే నిలిచి ఉంది.

ఏకమితిలో, అంటే కణాలు ఒకే గీత మీద కదిలే చోట, ఈ పునాది నిలవదు. ఇద్దరు మనుషులు ఇరుకైన పొలం గట్టు మీద ఎదురెదురుగా వస్తే ఒకరు వెనక్కి తగ్గక తప్పదు. వారి వెనుక బారుగా జనం ఉంటే ఆ బారు మొత్తం జరగాలి. ఒకే గీత మీద కదిలే పరమాణువుల స్థితి కూడా ఇదే. ఏ ఒక్కదాన్ని నెట్టినా, అది పక్కదాన్ని చుట్టుకుని పోలేదు కాబట్టి, ఆ నెట్టుడు అందరిదీ అవుతుంది. విడిగా ఒక కణం ఉత్తేజితం కావడమనే మాటకు ఇక్కడ అర్థం లేదు. అయితే ఇలాంటి చోట లెక్క మరింత చిక్కుపడుతుందని మనం ఊహిస్తాం. నిజానికి జరిగేది అందుకు భిన్నం. కణాలు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావం, అంటే అన్యోన్యచర్య, బలపడే కొద్దీ ఏకమితీయ వాయువు ఒక కొత్త సరళతను సంతరించుకుంటుంది. ఈ రంగంలో గత అరవై ఏళ్లలో వచ్చిన ముఖ్య ఫలితాలన్నీ ఈ ఒక్క విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి చూపినవేనని నా అభిప్రాయం.

ముందుగా, మూడు మితుల ప్రపంచంలో ఏకమితీయ వాయువు ఎలా సాధ్యమో చూద్దాం. రుబీడియం, సీజియం, లిథియం వంటి మూలకాల పరమాణువులను లేజర్ కాంతితోనూ, ఆ తర్వాత బాష్పీభవనంతోనూ చల్లబరిచి, కొన్ని పదుల నానోకెల్విన్ల ఉష్ణోగ్రతకు తెస్తారు. ఎదురెదురుగా వచ్చే లేజర్ పుంజాల జతలు రెండింటిని లంబంగా కలిపినప్పుడు ఏర్పడే స్థిర తరంగాలు ఆ మేఘాన్ని సన్నని గొట్టాల వరుసలుగా విడదీస్తాయి. అలాంటి గొట్టాలు ఒక్కో ప్రయోగంలో వేల సంఖ్యలో ఉంటాయి, ఒక్కో గొట్టంలో పదుల నుంచి వందల పరమాణువులు ఉంటాయి. గొట్టానికి అడ్డంగా పరమాణువు డోలనం చేసే పౌనఃపున్యం 50 కిలోహెర్ట్జ్ అనుకుంటే, ఆ దిశలో మొదటి మెట్టు ఎక్కడానికి కావలసిన శక్తి సుమారు 2.4 మైక్రోకెల్విన్ల ఉష్ణోగ్రతకు సమానం. పరమాణువుల దగ్గర ఉన్నది అందులో వందో వంతు స్థాయి మాత్రమే. కాబట్టి అడ్డు దిశలో కదలిక పూర్తిగా స్తంభించిపోతుంది, మిగిలేది పొడవు దిశ ఒక్కటే. ఇది ఉజ్జాయింపుగా ఏకమితీయం అనుకోవడం సరికాదు. క్వాంటం నియమాల వల్ల అడ్డు దిశ లెక్కలో నుంచే తప్పుకుంటుంది. ఇలా బిగించిన గొట్టంలో రెండు పరమాణువుల మధ్య వికర్షణ ఎంత ఉంటుందో మాక్సిమ్ ఒల్షనీ 1998లో లెక్కగట్టాడు. గొట్టం వెడల్పును మార్చినా, అయస్కాంత క్షేత్రంతో పరమాణువుల మధ్య బలాన్ని మార్చే ఫెష్‌బాఖ్ రెజొనెన్స్‌ను వాడుకున్నా, ఆ వికర్షణను ప్రయోగశాలలో కోరినట్టు మార్చుకోవచ్చు.

ఇక్కడ తొలిసారి చదివేవారిని తికమకపెట్టే అంశం ఒకటుంది. మామూలు వాయువును పలుచన చేస్తే కణాలు ఒకదానికొకటి దూరమై, అన్యోన్యచర్య ప్రభావం తగ్గుతుంది. ఏకమితిలో పలుచన చేసే కొద్దీ ఆ ప్రభావం పెరుగుతుంది. కారణం సూటిగానే ఉంది. పరమాణువులు ఒకదాన్నొకటి పూర్తిగా తప్పించుకోవాలంటే, ప్రతిదాని తరంగ ప్రమేయం, అంటే అది ఎక్కడ ఉండే అవకాశం ఉందో చెప్పే తరంగం, పక్క పరమాణువు వరకు ఉన్న కాస్త జాగాలో ఒదగాలి. అందుకయ్యే గతిజశక్తి సాంద్రత వర్గానికి అనుపాతంలో ఉంటుంది. తప్పించుకోకుండా ఒకదానిపై ఒకటి పరుచుకుంటే అయ్యే వికర్షణ శక్తి సాంద్రతకు మాత్రమే అనుపాతంలో ఉంటుంది. సాంద్రత తగ్గే కొద్దీ మొదటి ఖర్చు రెండోదాని కంటే వేగంగా పడిపోతుంది కాబట్టి, ఒక దశ దాటాక తప్పించుకోవడమే చౌక. వికర్షణ శక్తిని ఆ గతిజశక్తితో భాగిస్తే వచ్చే నిష్పత్తినే గామా అంటారు. గామా 1 కంటే చాలా తక్కువైతే అది బలహీన వాయువు, చాలా ఎక్కువైతే బలమైన అన్యోన్యచర్య ఉన్న వాయువు.

గామా అనంతం వైపు వెళ్తే ఏమవుతుందో 1960లోనే మార్విన్ జిరార్డో చూపాడు. బోసాన్లు, అంటే సత్యేంద్రనాథ్ బోస్ 1924లో సూత్రీకరించిన గణాంకాలను పాటించే కణాలు, ఒకే స్థితిలో ఎన్నైనా గుమిగూడగలవు. కానీ ఒకే గీత మీద ఉండి, ఒకదానిలోంచి ఒకటి దూరలేనంత వికర్షణ ఉన్నప్పుడు, రెండు బోసాన్లు ఒకే చోట ఉండే సంభావ్యత సున్నా అవుతుంది. ఒకే స్థితిలో రెండు ఉండలేని కణాలైన ఫెర్మియాన్లకు పౌలీ వర్జన నియమం విధించే షరతు కూడా ఇదే. అందువల్ల అలాంటి బోసాన్ల తరంగ ప్రమేయం, పరస్పరం ఏ బలమూ లేని ఫెర్మియాన్ల తరంగ ప్రమేయపు పరమ మూల్యానికి, అంటే ధన, రుణ గుర్తులు తీసేసిన విలువకు, సమానమని జిరార్డో నిరూపించాడు. శక్తి స్థాయిలు, సాంద్రత, సాంద్రతలోని హెచ్చుతగ్గులు అన్నీ స్వేచ్ఛా ఫెర్మియాన్లవే. ద్రవ్యవేగ పంపిణీ ఒక్కటే వేరుగా ఉంటుంది, ఎందుకంటే అది తరంగ ప్రమేయం గుర్తును కూడా పట్టించుకుంటుంది. గట్టి గోళాల ఏకమితీయ వాయువును 1936లో అధ్యయనం చేసిన లూయీ టాంక్స్ పేరును కూడా కలిపి దీన్ని టాంక్స్–జిరార్డో వాయువు అంటున్నారు. దీన్ని ప్రయోగశాలలో చూడటానికి 2004 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది జర్మనీలో ఇమ్మానుయేల్ బ్లాఖ్ బృందం, అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ వైస్ బృందం వేర్వేరు పద్ధతుల్లో దీన్ని సాధించాయి. వైస్ బృందమే మరుసటి ఏడాది, రెండు పరమాణువులు ఒకేచోట తారసపడే సంభావ్యత గామా పెరిగే కొద్దీ సుమారు పదో వంతుకు పడిపోవడాన్ని కొలిచింది.

కానీ గామా సున్నా కాదు, అనంతం కాదు, మధ్యలో ఎక్కడో ఉంటే? ఈ ప్రశ్నకు 1963లో ఎలియట్ లీబ్, వెర్నర్ లినిగర్ ఇచ్చిన జవాబు ఈ విషయమంతటికీ గుండెకాయ వంటిది. అందులో ఉన్న భౌతికశాస్త్రం చాలా సూక్ష్మమైనది గనుక ఇక్కడ కొంతసేపు ఆగడం అవసరం.

సమాన ద్రవ్యరాశి ఉన్న రెండు కణాలు ఒకే గీత మీద ఢీకొన్నాయనుకుందాం. మొత్తం ద్రవ్యవేగమూ, మొత్తం శక్తీ మారకూడదు. ఏకమితిలో ఈ రెండు షరతులకు రెండే పరిష్కారాలున్నాయి: రెండూ తమ ద్రవ్యవేగాలను యథాతథంగా ఉంచుకోవడం, లేదా మార్చుకోవడం. కణాలు ఒకేలా ఉన్నప్పుడు ఈ రెండింటికీ తేడా లేదు. అంటే ఢీకొన్నా ద్రవ్యవేగాల జాబితా మారదు. మారేది ప్రతి కణం తరంగ దశ మాత్రమే, మరో మాటలో చెప్పాలంటే ఢీకొన్నాక కణం ఉండవలసిన చోటు నుంచి కాస్త జరిగి కనిపిస్తుంది. లీబ్–లినిగర్ నమూనాలో, అంటే తాకినప్పుడు మాత్రమే వికర్షణ ఉండే నమూనాలో, మూడు కణాలు ఒకేసారి ఎదురైనా ఆ ఘటన రెండేసి కణాల ఢీలుగా విడిపోతుంది. కాబట్టి ఎన్ని కణాలున్నా ఆ జాబితా పదిలంగానే ఉంటుంది. అయస్కాంత గొలుసుల కోసం హాన్స్ బెథే 1931లో కనిపెట్టిన గణిత పద్ధతి ఈ లక్షణం ఉన్న వ్యవస్థలన్నిటికీ పనికివస్తుంది. జాబితాలోని ఒక్కో విలువను రాపిడిటీ అంటారు. పరమాణువుల అసలు ద్రవ్యవేగాలు క్షణక్షణం మారవచ్చు గానీ రాపిడిటీలు మారవు.

బెథే పద్ధతిలో ప్రతి రాపిడిటీకి ఒక క్వాంటం సంఖ్య ఉంటుంది. ఏ రెండు సంఖ్యలూ ఒకటి కాకూడదనే నియమం, గామా ఎంత ఉన్నా సరే, అక్కడ దానంతటదే పుట్టుకొస్తుంది. అంటే బోసాన్ల వాయువులో లోలోపల ఫెర్మియాన్ల తరహా క్రమం ఎప్పుడూ ఉంది. కనిష్ఠ శక్తి స్థితిలో ఈ సంఖ్యలు మధ్యలో ఖాళీ లేకుండా వరుసగా నిండి ఉంటాయి. ఉత్తేజం అంటే ఆ వరుసను చెదరగొట్టడమే. అంచున ఉన్న సంఖ్యను ఇంకా బయటికి జరిపితే ఒక రకం ఉత్తేజం, లోపల ఉన్న ఒకదాన్ని తీసి అంచుకు అవతల పెట్టి లోపల రంధ్రం మిగిలిస్తే మరో రకం ఉత్తేజం వస్తాయి. లీబ్ తన రెండో పరిశోధన పత్రంలో వీటిని రెండు శాఖలుగా విడదీసి చూపాడు. బలహీన వాయువులో మొదటి శాఖ 1947లో బొగోల్యుబోవ్ చెప్పిన ఉత్తేజాలతో ఏకీభవిస్తుంది. రెండో శాఖ ఆ సిద్ధాంతంలో లేనే లేదు. వాయువులో సాంద్రత తగ్గిన చిన్న పల్లంగా, ఆకారం చెదరకుండా ప్రయాణించే నల్ల సోలిటాన్ అనే తరంగంతో ఈ రెండో శాఖకు శక్తి–ద్రవ్యవేగ సంబంధం సరిపోతుందని తర్వాత 1970లలో గుర్తించారు.

ఒక సంఖ్యను జరిపినప్పుడు మిగతా సంఖ్యలు కదలకపోయినా, మిగతా రాపిడిటీలన్నీ కొద్దికొద్దిగా జరుగుతాయి. మొదట్లో చెప్పిన బారు మొత్తం జరగడమనే విషయం గణితంలో కనిపించేది ఇక్కడే. గామా అనంతమైనప్పుడు ఆ జరుగుబాటు కూడా మాయమై, రాపిడిటీలు స్వేచ్ఛా ఫెర్మియాన్ల ద్రవ్యవేగాలుగా మిగులుతాయి. అత్యంత బలమైన అన్యోన్యచర్య అత్యంత సరళమైన లెక్కకు దారి తీయడమంటే ఇదే.

ఆ లెక్క ఎంత సరళమో చూపడానికి సమీకరణాలు అక్కరలేదు. టాంక్స్–జిరార్డో వాయువులో ధ్వని వేగాన్ని పరమాణువుల సాంద్రత, ద్రవ్యరాశి మాత్రమే నిర్ణయిస్తాయి, వికర్షణ బలం అందులో కనిపించదు. పరమాణువులు ఇప్పటికే పూర్తిగా తప్పించుకుంటున్నాయి కాబట్టి వికర్షణను ఇంకా పెంచినా మార్పేమీ ఉండదు. ఒక ఉత్తేజం ద్రవ్యవేగాన్ని ధ్వని వేగంతో గుణిస్తే వచ్చే శక్తిని మధ్య గీతగా తీసుకోండి. దానికి, అదే ద్రవ్యవేగంతో ఒంటరిగా పోయే పరమాణువు గతిజశక్తిని కలిపితే మొదటి శాఖ వస్తుంది, తీసివేస్తే రెండో శాఖ వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ప్రతి శక్తి విలువ దగ్గరా ఉత్తేజాలు సాధ్యమే. అందువల్ల వాయువును ఒక నిర్దిష్ట ద్రవ్యవేగంతో తడితే వర్ణపటంలో ఒక సన్నని గీతకు బదులు ఒక పట్టీ కనిపించాలి. బలహీన వాయువులో ఆ పట్టీలో స్పందనంతా పై అంచున, అంటే మొదటి శాఖ దగ్గర పోగుపడుతుంది. వాయువు బలపడే కొద్దీ అది కిందికి, రంధ్రాల వైపు విస్తరిస్తుంది.

రెండో శాఖ శక్తి మొదట పెరిగి, తర్వాత వంగి, ఒక ప్రత్యేక ద్రవ్యవేగం దగ్గర తిరిగి సున్నాకు చేరుతుంది. వాయువు ఒక వలయంలో ఉందనుకుంటే దీని అర్థం తెలుస్తుంది. వలయంలోని ప్రతి పరమాణువుకూ సాధ్యమైనంత చిన్న ద్రవ్యవేగపు మెట్టును ఒక్కటి ఇచ్చి, వాయువు మొత్తాన్ని నెమ్మదిగా తిప్పితే, మొత్తం ద్రవ్యవేగం చెప్పుకోదగినంత ఉంటుంది, అయ్యే శక్తి మాత్రం వలయం పెద్దదయ్యే కొద్దీ సున్నాకు దగ్గరవుతుంది. ఇలా దాదాపు ఉచితంగా ద్రవ్యవేగాన్ని పోగొట్టుకునే దారి ఉన్నందున, అలాంటి దారి లేనప్పుడే ఘర్షణ లేని ప్రవాహం సాధ్యమనే లాండావ్ ప్రమాణం ప్రకారం ఏకమితీయ వాయువు అసలు అర్థంలో అతిప్రవాహి, అంటే ఘర్షణ లేకుండా ప్రవహించేది, కాదు. బలహీన వాయువులో ఆ దారి తెరిచి ఉన్నా దాని గుండా ఏదీ పెద్దగా పోదు కనుక ప్రవాహం చాలాసేపు నిలుస్తుంది.

దీనికి సమాంతరంగా మరో ఆలోచనా ధార ఉంది. టొమొనాగా 1950లోనూ, లటింజర్ 1963లోనూ ప్రతిపాదించిన నమూనాల నుంచి, హాల్డేన్ 1981లో ఏకమితీయ ద్రవాలన్నిటికీ వర్తించే ఒక చిత్రాన్ని రూపొందించాడు. చాలా తక్కువ శక్తుల దగ్గర బోసాన్లయినా, ఫెర్మియాన్లయినా మిగిలేవి ధ్వని తరంగాలేనని, రెండు సంఖ్యలు తెలిస్తే చాలని ఈ చిత్రం చెబుతుంది: ధ్వని వేగం, అన్యోన్యచర్య బలాన్ని చెప్పే లటింజర్ పరామితి. పైన చెప్పిన పట్టీకీ దీనికీ వైరుధ్యం లేదు. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ పట్టీ వెడల్పు దాని ఎత్తు కంటే వేగంగా తగ్గిపోతుంది కాబట్టి, చాలా పొడవైన తరంగాలకు అది గీతలాగే కనిపిస్తుంది. కానీ ఆ చిత్రం తక్కువ శక్తులకే పరిమితమనే సంగతిని చాలా పరిచయ వ్యాసాలు దాటవేస్తాయి. అసలు ఆసక్తికరమైన భౌతికశాస్త్రం ఆ హద్దుకు అవతలే ఉంది.

ఆ హద్దు దాటి చూడటానికి ఉపయోగపడింది బ్రాగ్ స్పెక్ట్రోస్కోపీ. కొద్దిపాటి పౌనఃపున్య భేదం ఉన్న రెండు లేజర్ పుంజాలను వాయువు మీద కలిపితే, ఒక పరమాణువు ఒక పుంజం నుంచి ఫోటాన్‌ను పీల్చుకుని రెండో పుంజంలోకి వదులుతుంది. పుంజాల మధ్య కోణం ద్రవ్యవేగాన్నీ, పౌనఃపున్య భేదం శక్తినీ నిర్ణయిస్తాయి. ఈ రెండూ మన చేతిలో ఉంటాయి కాబట్టి, వాయువు ఎక్కడ ఎంతగా స్పందిస్తుందో ఒక్కో బిందువు దగ్గర కొలుచుకుంటూ పోవచ్చు. 2015లో ఇటలీలోని ఫ్లోరెన్స్ బృందం రుబీడియంతోనూ, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ బృందం సీజియంతోనూ ఈ కొలతలు చేశాయి. ఇన్స్‌బ్రుక్ వారు గామాను బలహీనం నుంచి బలమైన దశ వరకు మార్చుకుంటూ పోయి, పట్టీ వెడల్పు కావడాన్నీ, రంధ్రాల ఉత్తేజాల వాటానూ చూపారు. వారు పోల్చుకున్న సైద్ధాంతిక వక్రాలు బెథే పద్ధతిని కంప్యూటర్లతో జోడించి సాధించినవి. జాన్-సెబాస్టియన్ కో, పాస్‌క్వాలె కలబ్రీజ్ 2006లో ఈ వాయువు కోసం ఆ పని చేశారు. వేల గొట్టాల్లో పరమాణువుల సంఖ్య సమానంగా ఉండదు, ఉష్ణోగ్రత సున్నా కాదు. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటేనే పోలిక నిలుస్తుంది, వారు తీసుకున్నారు.

మొత్తం మేఘం ఊపిరి పీల్చి వదిలినట్టు పొడవు పెరిగి తగ్గే డోలనం కూడా ఒక ఉత్తేజమే, దీన్ని కొలవడం ఇంకా తేలిక. దీని పౌనఃపున్యాన్ని, మేఘం అటూ ఇటూ ఊగే పౌనఃపున్యంతో భాగించి వర్గం చేస్తే, అన్యోన్యచర్య లేని వాయువుకు 4, బలహీన ఏకమితీయ వాయువుకు 3, టాంక్స్–జిరార్డో వాయువుకు మళ్లీ 4 వస్తాయి. ఇన్స్‌బ్రుక్ బృందం 2009లో ఈ నిష్పత్తిని 4 దాటించింది. తీవ్రమైన వికర్షణను రెజొనెన్స్ మీదుగా ఒక్కసారిగా తీవ్రమైన ఆకర్షణగా మార్చారు. ఆకర్షణ ఉంటే పరమాణువులు ముద్దకట్టాలి. కానీ అంతకుముందే అవి పరస్పరం దూరంగా ఉండే క్రమంలో కుదురుకుని ఉన్నందున దగ్గరకు రాలేకపోయాయి. సూపర్ టాంక్స్ అనే ఈ స్థితి నిజానికి అధిక శక్తి స్థితే, అయినా నిలబడింది.

ఇప్పటి వరకు చెప్పింది ఒకే రకం పరమాణువుల సంగతి. రెండు స్పిన్ స్థితుల్లో (స్పిన్ అంటే కణానికి స్వతహాగా ఉండే భ్రమణం వంటి గుణం) ఉన్న ఫెర్మియాన్లను గొట్టాల్లో నింపితే మరింత విచిత్రమైన విషయం బయటపడుతుంది. సాంద్రతను కదిపే తరంగం ఒక వేగంతోనూ, స్పిన్ అమరికను కదిపే తరంగం మరో వేగంతోనూ పోతాయి. అంటే ఒక పరమాణువును కదిపినప్పుడు దాని ఉనికి ఒకవైపు, దాని స్పిన్ మరోవైపు విడివిడిగా ప్రయాణిస్తాయి. వికర్షణ పెరిగితే సాంద్రతా తరంగం వేగం పుంజుకుంటుంది, స్పిన్ తరంగం నెమ్మదిస్తుంది. ఎందుకంటే పక్క పక్క పరమాణువులు స్థానాలు మార్చుకోగలిగితేనే స్పిన్ కదులుతుంది, బలమైన వికర్షణ ఆ మార్పిడినే అడ్డుకుంటుంది. ఘన పదార్థాల తీగల్లో దీని ఆనవాళ్లు అంతకుముందే దొరికినా, వికర్షణను మన చేత్తో మార్చి చూసే అవకాశం అక్కడ లేదు. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో రాండల్ హ్యూలెట్ బృందం లిథియం-6తో 2022లో ప్రచురించిన ఫలితాల్లో రెండు వేగాలూ విడిపోతూ పోవడం స్పష్టంగా కనిపించింది. దానికి రెండేళ్ల ముందు మ్యూనిక్‌లో, పరమాణువుల గొలుసులోంచి ఒకదాన్ని తీసేసి, మిగిలిన ఖాళీ, స్పిన్ భంగం రెండూ వేర్వేరు వేగాలతో దూరమవడాన్ని సూక్ష్మదర్శినితో నేరుగా చూశారు.

రాపిడిటీల జాబితా మారదన్న మాటకు మరో పర్యవసానం ఉంది, అది ఉష్ణగతిశాస్త్రాన్నే తాకుతుంది. ఢీకొనే కణాలు శక్తిని పంచుకుంటూ చివరికి ఉష్ణ సమతాస్థితికి చేరతాయి. మూడు మితుల్లో ఒక్కో కణానికి కొద్దిపాటి ఢీలు చాలు. 2006లో కినోషితా, వెంగర్, వైస్ ఒక్కో గొట్టంలో 40 నుంచి 250 రుబీడియం పరమాణువులను రెండు గుంపులుగా ఎదురెదురుగా పంపి, పదేపదే ఢీకొట్టించారు. వేల ఢీల తర్వాత కూడా గుర్తించదగిన సమతాస్థితి రాలేదు. మొదటి ద్రవ్యవేగ పంపిణీ జాడ చెరగలేదు. మామూలు వాయువు స్థితిని చెప్పడానికి ఉష్ణోగ్రత, సాంద్రత చాలు. ఇక్కడ జాబితా మొత్తం కావాలి.

ఈ జాబితాను నేరుగా కొలవవచ్చా? అదే పెన్సిల్వేనియా బృందం 2020లో కొలిచింది. పొడవు దిశలో పట్టి ఉంచే బలాన్ని తొలగించి, గొట్టాలను అలాగే ఉంచి, వాయువును ఏకమితిలోనే సాగనిస్తే, పరమాణువుల మధ్య దూరం పెరిగి అన్యోన్యచర్యకు పని లేకుండా పోతుంది. అప్పుడు వాటి అసలు ద్రవ్యవేగాలు నెమ్మదిగా రాపిడిటీలుగా మారతాయి. బోసాన్లకు తగినట్టు మధ్యలో కొనదేలిన పంపిణీ, కళ్ల ముందే ఫెర్మియాన్లకు తగిన గుండ్రని పంపిణీగా మారింది. జిరార్డో 1960లో వేరుగా ఉంటుందని చెప్పిన ఆ ఒక్క రాశి కూడా వ్యాకోచం తర్వాత ఫెర్మియాన్ల రూపాన్నే ధరించింది.

రాపిడిటీలనే మూల రాశులుగా తీసుకుని, ఒక్కో రాపిడిటీ ఉన్న కణాలు చోటు నుంచి చోటుకు ఎలా ప్రవహిస్తాయో చెప్పే సమీకరణాలను 2016లో రెండు బృందాలు విడివిడిగా రాశాయి. దీన్ని సాధారణీకరించిన ద్రవగతిశాస్త్రం అంటున్నారు. 2021లో వైస్ బృందం, వాయువును పట్టి ఉంచే బలాన్ని ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెంచి, ఆ తర్వాత రాపిడిటీల పంపిణీ ఎలా మారుతుందో కొలిచి చూసినప్పుడు, ఈ సమీకరణాలు బలమైన అన్యోన్యచర్య దశలో చక్కగా నెగ్గాయి. అయితే పట్టి ఉంచే బలం ఉన్నంతకాలం రాపిడిటీల నిత్యత్వం సంపూర్ణం కాదు, గొట్టం అడ్డు దిశ కూడా అప్పుడప్పుడు మేల్కొంటుంది. ఈ చిన్న లోపాలు ఎంతకాలానికి పోగుపడి వాయువును చివరికి సమతాస్థితికి చేరుస్తాయన్న ప్రశ్న మీద ఇప్పుడు పని సాగుతోంది. స్టాన్‌ఫోర్డ్‌లో బెంజమిన్ లెవ్ బృందం డిస్ప్రోసియం పరమాణువులతో ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి తడుముతోంది. డిస్ప్రోసియం బలమైన అయస్కాంత పరమాణువు గనుక, తాకకుండానే దూరం నుంచి ప్రభావం చూపుతుంది. అలాంటి బలం లీబ్–లినిగర్ నమూనా షరతును ఉల్లంఘిస్తుంది, దాని పరిమాణాన్ని అయస్కాంత క్షేత్రం కోణంతో మార్చుకోవచ్చు. ఉల్లంఘన ఎంత ఉంటే జాబితా ఎంత వేగంగా చెదురుతుందో కొలవడానికి ఇంతకంటే అనువైన పరమాణువు దొరకడం కష్టం.